ఒక 'ఎల్' ఎక్కువైన రోజు

నా సర్వీసులో అది ఆఖరి వేసవి, మే నెల. భిలాయిలో మా ఉక్కు కర్మాగారం టెలికమ్యూనికేషన్ విభాగంలో డిప్యూటీ మేనేజరుగా, లోపలి టెలిఫోన్ ఎక్స్చేంజికి ఇన్‌చార్జిగా ఉన్నాను. రిటైర్మెంటుకు కొద్ది నెలలే మిగిలాయి. ఆ రోజు గేటు దగ్గర జరిగింది సగం ఊరికి తెలుసు. ఎక్స్చేంజి లోపల జరిగింది మాత్రం నాకూ, మా టెక్నీషియన్ సాహు భయ్యాకూ తప్ప ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

టెలికామ్ అనగానే 'ఓహో, ఫోన్ ఆపరేటరా' అంటారు జనం. ఒళ్లు మండుకొస్తుంది. ఆపరేటరుగానే చేరాను, కాదనను. విజయనగరం నుంచి ఈ ప్లాంటులో పనికి వచ్చిన మా నాన్న బతికుండగానే, ఆయన పేరు మీద కాకుండా సొంతంగా ఉద్యోగం తెచ్చుకుని, డిపార్టుమెంటు పరీక్షలు రాసి రాసి ఆ కుర్చీ దాకా వచ్చాను. ఫోను ఎత్తి 'హలో' అనడం మా పనిలో వెయ్యో వంతు కూడా కాదు. ప్లాంటులో ఒక మాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి చెడకుండా వెళ్లాలంటే ఏ దారిన వెళ్లాలో చూడటం మా పని. దానికి మా దగ్గర రకరకాల దారులు ఉంటాయి. హాట్‌లైను ఉంటుంది, రిసీవరు ఎత్తితే చాలు, నంబరు నొక్కకుండానే అవతల మోగుతుంది. వాకీటాకీలు ఉంటాయి. సైరను ఉంటుంది. షాపు ఫ్లోరు మీద, అంటే యంత్రాలు నడిచే చోట, టాక్‌బ్యాక్ ఉంటుంది. టాక్‌బ్యాక్ అంటే గోడకు బిగించిన ఇనప పెట్టె, అందులోనే స్పీకరు, అందులోనే మైకు. మీట నొక్కి మాట్లాడితే షాపంతా వినిపిస్తుంది.

వినిపిస్తుంది అన్నాను గానీ ఎంత వినిపిస్తుందన్నదే ప్రశ్న. నేను చేరిన కొత్తలో మా సీనియరు ఒకాయన మొట్టమొదట నేర్పిన సంగతి ఇది: టాక్‌బ్యాక్ మీద వద్దు, లేదు, కాదు అన్న మాటలు వాడకూడదు. 'క్రేన్ మత్ చలానా' అని నువ్వు అంటావు. ఆ హోరులో చిన్న మాట 'మత్' కొట్టుకుపోతుంది. అవతలివాడికి 'క్రేన్ చలానా' అని చేరుతుంది, నడపొద్దన్నది నడపమని అయిపోతుంది. అందుకని 'క్రేన్ రోకో' అనాలి. ఆపు అంటే ఆపే, అందులో సగం పోయినా మిగతా సగం ఆపమనే చెబుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఉద్యోగమంతా దీన్ని పట్టుకునే గడిపాను.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం అన్నం డబ్బా అప్పుడే విప్పాను. మొదటి షిఫ్టు దిగడానికి ఇంకా టైముంది. నా సెల్లు మోగింది. మా మరదలు సుజాత. మా తమ్ముడు రమణ భార్య. వాళ్లు సెక్టర్ 4 క్వార్టర్సులో ఉంటారు, మేము నెహ్రూ నగర్‌లో. డ్యూటీ టైములో ఆ పిల్ల నాకు ఎప్పుడూ ఫోన్ చెయ్యదు.

"వదినా, ఎస్ఎంఎస్‌లో ఏటయింది? ఈయన ఫోనెత్తట్లేదు," అంది.

ఎస్ఎంఎస్ అంటే ఇక్కడ ఫోనులో వచ్చే సందేశం కాదు. స్టీల్ మెల్టింగ్ షాపు, ఇనుమును ఉక్కుగా మార్చే చోటు. రమణ అందులో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నింపిన లాడిల్‌ను, అంటే ఇంటి కంటే పెద్దదైన బకెట్టును అనుకోండి, పైనుంచి పట్టుకెళ్లి దించడం అతని పని. ఆ షాపులో కార్మికులు సెల్లు తీసుకెళ్లకూడదు. లాకర్లో పెట్టి లోపలికి వెళ్లాలి. ఆ మాటే చెప్పాను. ఫోను లాకర్లో మోగుతూ ఉంటుంది, ఎవరెత్తుతారు, ఇవాళ కొత్తేముంది అన్నాను.

"కాదొదినా. గ్రూపులో ఒచ్చింది. ఎస్ఎంఎస్‌లో ముగ్గురు, ఆల్ కిల్డ్ అంట. నేను గేటుకాడికెళ్లిపోతన్నాను," అని పెట్టేసింది.

ఆల్ కిల్డ్. అందరూ చనిపోయారు. సైరను మోగలేదు, ఫైర్ స్టేషను నుంచి నాకు కబురు లేదు, ఏ ప్రమాదం జరిగినా మొదటి కాల్ వెళ్లేది మా ఎక్స్చేంజి మీదుగానే. ఇవన్నీ బుర్రకు తెలుసు. అయినా ఆగలేకపోయాను. ఎస్ఎంఎస్ కంట్రోల్ రూము హాట్‌లైను ఎత్తాను. ఎంగేజ్ టోను. మళ్లీ ఎత్తాను. మళ్లీ అదే టోను. ఆ టోను నేను కొన్ని లక్షల సార్లు విని ఉంటాను. లైను పనిలో ఉందని తప్ప దానికి ఇంకో అర్థం లేదు. ఆ రోజు మాత్రం అది అవుననీ, నిజమేననీ అంటున్నట్టు అనిపించింది.

ఎక్స్చేంజి ఇన్‌చార్జికి ఒక అధికారం ఉంటుంది. అత్యవసరమైతే మాట్లాడుకుంటున్న లైను మధ్యలోకి దూరి వాళ్లను ఆపించవచ్చు. బ్రేక్-ఇన్ అంటాం. అనవసరంగా చేస్తే మెమో ఇస్తారు. ఆ రోజు మెమో సంగతి ఎవరికి కావాలి? దూరాను. అవతల షిఫ్టు ఇంజనీరు శ్రీకాంత్ దొరికాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు.

"మేడమ్, యహాఁ సబ్ ఠీక్ హై. పొద్దున్నుంచి హీట్లు బాగానే పోతున్నాయి. ఈ పది నిమిషాల్లోనే ఏటో, ప్లాంటంతా నాకే ఫోన్ చేస్తోంది," అన్నాడు.

రమణ ఎక్కడున్నాడని అడిగాను.

"రమణన్నా? అదిగో, పైన క్యాబిన్‌లో ఉన్నాడు. ఇక్కణ్నించి కనిపిస్తన్నాడు. లాడిల్ పట్టుకుని ఉన్నాడు."

ప్రాణం లేచొచ్చింది. సాహు భయ్యా నా మొహం చూసి మంచినీళ్లు తెచ్చాడు. అతనికి సంగతి చెప్పి, మళ్లీ శ్రీకాంత్‌ను అడిగాను: ఈ గంటలో నువ్వు ఏ గ్రూపులోనైనా ఏమైనా పెట్టావా అని. కంట్రోల్ రూములో ఇంజనీర్లకు సెల్లు ఉండొచ్చు, అవతల అది తీసి చూసుకుంటున్న చప్పుడు. తర్వాత, "అయ్యబాబోయ్ మేడమ్," అన్నాడు.

ఇక్కడ ఉక్కు గురించి రెండు ముక్కలు చెప్పాలి. కరిగిన ఉక్కులో ప్రాణవాయువు కలిసి ఉంటుంది. దాన్ని అలాగే పోత పోస్తే గడ్డకట్టేటప్పుడు బుడబుడమని పొంగి లోపల బుడగలు నిలిచిపోతాయి. అందుకని అల్యూమినియమో సిలికానో వేసి ఆ వాయువును లాగేస్తారు. పొంగు చచ్చిపోయి ఉక్కు అద్దంలా నిలబడుతుంది. దానికి పేరు 'కిల్డ్ స్టీల్'. అల్యూమినియంతో చేస్తే అల్యూమినియం కిల్డ్, రాసేటప్పుడు ఏ, ఎల్ అని రెండు అక్షరాలే రాస్తారు. ఒక్కసారి తీసిన ఉక్కు మొత్తాన్ని ఒక 'హీట్' అంటారు. శ్రీకాంత్ పోత పోసే వాళ్ల గ్రూపుకు పంపాలనుకున్నది ఇంతే: ఎస్ఎంఎస్ నుంచి మూడు హీట్లు, ఏ.ఎల్. కిల్డ్, వస్తున్నాయి, చూసుకోండి. 'వస్తున్నాయి, చూసుకోండి' అన్నది తొందరలో రాయలేదు. ఏ.ఎల్. అని కొట్టగానే ఫోను తనంతట తానే ఇంకో ఎల్ చేర్చి 'ఆల్' చేసింది. పంపింది పోత గ్రూపుకు కాదు. దాని పక్కనే ఉన్న మా తెలుగువాళ్ల వనభోజనాల గ్రూపుకు.

ఆ గ్రూపులో ఉన్నది ఇంటి ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు, పిల్లలు. వాళ్లలో చాలామందికి కిల్డ్ అంటే ఒకటే అర్థం. పైగా రాసింది ఎవరు? అదే షాపులో, అదే షిఫ్టులో ఉన్న ఇంజనీరు. ఇంకేం కావాలి నమ్మడానికి? వచ్చింది 'ఎస్ఎంఎస్ 3 హీట్ ఆల్ కిల్డ్' అని నాలుగు మాటలు, ఒక అంకె, ముందూ వెనకా లేదు. ఆ మూడును ముగ్గురు మనుషులనుకున్నారు. పుట్టినరోజుకు కేకు బొమ్మలు పెట్టినవాళ్లే ఐదు నిమిషాల్లో దండం పెట్టే బొమ్మలు పెట్టారు.

తర్వాత ఆ మాట ఎటు నడిచిందో సాహు భయ్యా తన సెల్లులో వెతికి చూపించాడు. ఎవరో దాన్ని హిందీలోకి మార్చి కాలనీ గ్రూపులో పెట్టారు. 'హీట్' అన్నది ఎండాకాలపు వేడి అయింది: ఎస్ఎంఎస్‌లో వేడికి ముగ్గురూ మృతి. ఫార్వర్డు చేసేవాడికి కారణం కావాలి కదా, దొరికింది. ఆ తర్వాత ఒక వాయిస్ మెసేజి. ఎవరో అమ్మాయి తెలుగులో ఏడుస్తూ, ముగ్గురు కాదంట, షిఫ్టంతానంట అంటోంది. ఆ అమ్మాయి మాటలు కాదు, ఆ ఏడుపు పాకింది. భాష రానివాళ్లు కూడా దాన్ని పంపారు. ఆ తర్వాత ఫోనులో వార్తలు చూపించే ఒక చిన్న ఛానెల్. దానికి బొమ్మ కావాలి. ఉక్కు తయారయ్యే కన్వర్టరు కొలిమి నుంచి నిప్పురవ్వలు ఎగజిమ్మే వీడియో ఒకటి పట్టుకొచ్చి పెట్టారు. అది మాకు రోజూ కనిపించే దృశ్యమే, అలా ఎగజిమ్మితేనే పని సవ్యంగా జరుగుతున్నట్టు. చూడనివాళ్లకు మాత్రం అది ప్రళయమే. కింద ఎర్ర అక్షరాలు పరుగెడుతున్నాయి. శ్రీకాంత్ దగ్గర్నుంచి ఆ ఛానెల్ దాకా ఎవరూ అబద్ధమాడలేదు. ఒక్కొక్క దారి తనకు కావలసినది అడిగింది, జనం ఇచ్చారు.

ఇంతలో గేటు దగ్గరున్న సెక్యూరిటీ పోస్టు నుంచి ఫోను. జనం వచ్చేస్తున్నారు, సెక్టర్ల నుంచి స్కూటీల మీద, పవర్ హౌస్ బజారు వైపు నుంచి ఆటోల్లో. చాలామంది ఆడవాళ్లే. తోసుకొస్తున్నారు, ఎంతసేపు ఆపగలమో తెలియదు అన్నాడు అక్కడి సెక్యూరిటీ మనిషి. అందులో సుజాత ఉందని నాకు తెలుసు. వాళ్లు లోపలికి వచ్చేస్తే? ఆ దారి వెంట రైలు పట్టాల మీద కరిగిన ఇనుము బళ్లు నడుస్తుంటాయి. అంతవరకూ జరగని ప్రమాదం అప్పుడు జరుగుతుంది.

ఇలాంటప్పుడు పద్ధతి ఒకటుంది. షాపు వాళ్లు సేఫ్టీ విభాగానికి చెప్పాలి, సేఫ్టీ విభాగం పై అధికారికి, పై అధికారి ప్రజా సంబంధాల విభాగానికి. వాళ్లు లెటర్‌హెడ్ మీద ప్రకటన ఇస్తారు. పాపం, వాళ్లు త్వరగానే ఇచ్చారు. 'ప్రాణనష్టం జరిగిందన్న వార్తల్లో ఎలాంటి వాస్తవం లేదని యాజమాన్యం స్పష్టం చేస్తోంది' అని. ఆ కాగితం ఫొటో గ్రూపుల్లోకి వెళ్లిన మరుక్షణం గేటు దగ్గర గోల రెండింతలైంది. చూశారా, దాచేస్తున్నారు, ఏమీ లేకపోతే కాగితం ఎందుకు ఇస్తారు అన్నారట. కాదనేలా కూడా లేదు. ఏమీ జరగని రోజున యాజమాన్యం ఎప్పుడైనా ఏమీ జరగలేదని కాగితం ఇచ్చిందా?

మా జనరల్ మేనేజరు ఫోన్ చేసి, షాపు టాక్‌బ్యాక్ మీద 'కోయీ దుర్ఘటనా నహీఁ హుయీ హై', ప్రమాదమేమీ జరగలేదు, అని చెప్పించండి, లోపలివాళ్లకైనా ధైర్యంగా ఉంటుంది అన్నారు. ఆయన మంచి మనిషే, టాక్‌బ్యాక్ మీద ఎప్పుడూ మాట్లాడిన మనిషి కాదు. చెప్పించను సర్ అన్నాను. ఆ హోరులో 'నహీఁ' పోతుంది, 'దుర్ఘటన' మిగులుతుంది. పైన లాడిల్ పట్టుకున్నవాడు అది విని తల తిప్పితే? మరేం చేద్దామన్నారు ఆయన.

అప్పటికి నా బుర్రలో ఒకటి తిరుగుతోంది. గేటు దగ్గర పెద్ద హారన్ స్పీకర్లు రెండున్నాయి. భద్రతా వారోత్సవాలప్పుడు ఆఫీసర్ల ఉపన్యాసాలు జనానికి వినిపించడానికి, వాటి ఆంప్లిఫయరుకు మా ఎక్స్చేంజి నుంచి ఒక లైను వేసి ఉంచాం. ఏడాదికోసారి తప్ప ఎవరూ ముట్టుకోరు. ఎస్ఎంఎస్ హాట్‌లైనును ఆ లైనుకు కలిపితే కంట్రోల్ రూములో ఫోను పట్టుకుని మాట్లాడిన మనిషి గొంతు గేటంతా వినిపిస్తుంది. కాగితాన్ని నమ్మనివాళ్లు మొగుడి గొంతును నమ్మరా? ఇదే చెప్పాను.

"కరో పార్వతీజీ. లేకిన్ జిమ్మేదారీ ఆప్‌కీ," అన్నారు ఆయన. చెయ్యండి, బాధ్యత మాత్రం మీదే అని. బాధ్యత ఎప్పుడు మాది కాలేదు గనక!

సాహు భయ్యా ఒక లైనును ఇంకో లైనుకు కలిపే జంపరు తీగలు పట్టుకుని, లైన్లన్నీ వచ్చి చేరే ఫ్రేము దగ్గరికి పరుగెత్తాడు. లైను కలిపాం. శ్రీకాంత్‌కు చెప్పాను: పని వదలగలిగినవాళ్లను ఒక్కొక్కరినే కంట్రోల్ రూముకు పిలు, రిసీవరు ఇవ్వు, మాట్లాడించు. యంత్రం మీద ఉన్నవాణ్ని ముట్టుకోకు. అంటే రమణ ఇప్పట్లో రాడు. లాడిల్ దించి, క్యాబిన్ వదిలి, ఆ మెట్లన్నీ దిగి రావాలి. ఆ సంగతి తెలిసే చెప్పాను.

మొదటి గొంతు ఒక ఛత్తీస్‌గఢీ మనిషిది. "మై బనే హఁవ్," అన్నాడు, బాగానే ఉన్నాను అని. సెక్యూరిటీ పోస్టు లైనులో నాకు గేటు వినిపిస్తోంది. ఒకావిడ పెద్దగా ఏడ్చింది. అది దుఃఖపు ఏడుపు కాదు, వింటే తెలిసిపోతుంది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత రెండోవాడు, మూడోవాడు. అయితే వెనక వరుసలో చాలామంది ఉన్నారని శ్రీకాంత్ వాళ్లకు తొందర నేర్పాడు: పేరు చెప్పు, కుశల్ హూఁ అను, రిసీవరు ఇచ్చెయ్. వాళ్లూ అలాగే చేశారు. పేరు, టోకెన్ నంబరు, కుశల్ హూఁ. పేరు, టోకెన్ నంబరు, కుశల్ హూఁ. పది మందికి వచ్చేసరికి ఆ గొంతులన్నీ ఒకలాగే ఉన్నాయి. నాకే అనుమానం వచ్చేలా ఉంది.

అప్పుడు రమణ వచ్చాడు. నా కడుపులో పాలు పోసినట్టయింది. వాడు రిసీవరు తీసుకుని, సర్దుకుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా అన్నాడు: "మై వెంకటరమణ, క్రేన్ ఆపరేటర్. మై పూర్ణతః కుశల్ హూఁ. కృపయా ధైర్య్ రఖేఁ."

సంపూర్ణంగా క్షేమమట, దయచేసి ధైర్యంగా ఉండండట! అంతలో సెక్యూరిటీ పోస్టు రిసీవరును ఎవరో లాక్కున్నారు.

"వదినా, అది ఆయన కాదు!" సుజాత. "పెళ్లయిన కాణ్నించి ఈయన 'కృపయా' అన్న పాపాన పోలేదు. ఎవరిచేతో చెప్పించేస్తన్నారు. రికార్డింగది. నిజం చెప్పొదినా, ఆయనున్నాడా లేడా?"

వాడేనే, నా తమ్ముడి గొంతు నాకు తెలియదా అన్నాను. "నువ్వు ఆఫీసర్‌వి, నువ్వలాగే చెప్తావు," అంది. ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమంది. కోపం మాత్రం రాలేదు. నేను మాట్లాడుతున్నది కూడా ఎక్స్చేంజి నుంచే కదా. ఆ పిల్లకు నేను కూడా ఒక లెటర్‌హెడ్‌నే.

సుజాత అరుపు బయటికి వినపడింది. 'రికార్డింగంట' అన్న మాట గేటంతా పాకింది. అంతవరకూ నవ్విన మొహాలు కూడా మళ్లీ మాడిపోయాయని సెక్యూరిటీ మనిషి తర్వాత చెప్పాడు. ముందువాళ్లు గేటు పట్టుకుని ఊపుతున్నారు. ఇంకో ఐదు నిమిషాలు అలాగే ఉంటే గేటు ఊడేది.

ఇంకెవరి చేత చెప్పించినా అంతే. చెప్పేవాళ్లందరూ అక్కడ నిలబడి లౌడ్‌స్పీకరులో మాట్లాడుతున్నామని గుర్తుపెట్టుకునే మాట్లాడుతున్నారు. మైకు అనగానే మనవాళ్లకు ఎక్కడలేని మర్యాద ముంచుకొస్తుంది. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి మైకు ముందు 'కృపయా' అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మాటలో వాడు లేడు. వాడు లేని మాటను వాడి పెళ్లాం ఎలా నమ్ముతుంది?

సుజాతను సెక్యూరిటీ పోస్టు అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని రిసీవరు పట్టుకోమన్నాను. బయట హారన్లు ఉన్నాయి, తలుపు తెరిచి ఉంటే వాటి చప్పుడు రిసీవరులోకి తిరిగొచ్చి ఈల వేస్తుంది. ఆ లైనును కూడా ఎస్ఎంఎస్ లైనుకు కలిపాను. సాహు భయ్యా హారన్ల జంపరు మీద చెయ్యి వేసి, పీకేయనా అన్నట్టు చూశాడు. తల అడ్డంగా ఊపాను. అలాగే ఉండనిమ్మని. అతను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు.

రమణతో అన్నాను: "ఒరే, మైకు తీసేశాం. ఇది ఉత్త ఫోను. నీ పెళ్లాం లైనులో ఉంది. మాట్లాడు."

"తీసేసినారా? హమ్మయ్య," అన్నాడు. అంతే, గొంతు మారిపోయింది.

"ఏటే, గేటుకాడికెందుకొచ్చినావు? బుద్ధుందా? ఎలాగొచ్చినావు, స్కూటీ మీదొచ్చినావా? వెనక బ్రేకు పట్టట్లేదు, ముట్టుకోవద్దని నిన్న రాత్రే చెప్పినాను కదే! ఈ ఎండలో ఆ బ్రేకుతో... ఏమన్నా అయితే ఎవడు చూస్తాడు? ఏటి, మాటాడవేటి? ఏడుస్తన్నావా? ఎందుకేడుస్తన్నావు, నానేటి సచ్చిపోనానా?"

హారన్లు రెండూ మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా గేటు మొత్తానికి వినిపించాయి. సుజాత ఏడుస్తూనే నవ్వింది. "ఈయనే వదినా! ఈయనే!" అంది. ఆ పిల్ల ఆ మాట అనకముందే గేటు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. తెలుగు వచ్చినవాళ్లు రానివాళ్లకు అర్థం చెబుతున్నారట. చచ్చిపోయాడనుకుని పరుగెత్తుకొచ్చిన పెళ్లాన్ని పట్టుకుని, బ్రేకులు లేని స్కూటీ మీద ఎందుకొచ్చావు, చచ్చిపోతావు అని తిట్టే మనిషిని ఎవరు రికార్డింగు అంటారు? గేటు ఊపుతున్న చేతులు వదిలేశాయి. నేను రిసీవరు పెట్టేశాను. ఎదురుగా అన్నం డబ్బా తెరిచే ఉంది. చల్లారిన పప్పన్నం అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు.

మిగతావాళ్లకు కూడా అదే చెప్పాం. మైకు లేదు, ఉత్త ఫోనే, ఇంటికి మాట్లాడుకోండి అని. ఒకాయన గ్యాస్ బుక్ చేశావా అని అడిగాడు. ఒక కుర్రాడు, అమ్మా, ఆ డబ్బా మూత సరిగ్గా పెట్టవేం, పులుసంతా బ్యాగులో ఒలికిపోయింది అని విసుక్కున్నాడు. ఒక్కొక్క విసుగుకూ గేటు దగ్గర ఒక కుటుంబం ఇంటికి తిరిగింది. షిఫ్టు దిగేసరికి గేటు దగ్గర కొబ్బరిబొండాల బండివాడు తప్ప ఎవరూ మిగల్లేదు. వాడికి ఆ రోజు మంచి బేరం.

షిఫ్టు దిగి బయటికి వచ్చిన రమణకు గేటు దగ్గరే సంగతి తెలిసింది. సెక్యూరిటీ వాళ్లు వరసగా నిలబడి, "క్యా భయ్యా, పిఛలా బ్రేక్ ఠీక్ కరాయా?" అంటూ, వెనక బ్రేకు బాగు చేయించావా అని అడిగారు. సాయంత్రం మా ఇంటికి వచ్చి మండిపడ్డాడు. "ఏటక్కా, మైకు తీసేసినామన్నావు కదా?" అన్నాడు. అన్నాన్రా, తీశానని ఎవరు చెప్పారు అన్నాను. నాతో వారం రోజులు మాట్లాడలేదు. సుజాత మాట్లాడింది, రోజూ ఫోన్ చేసి మరీ మాట్లాడింది.

శ్రీకాంత్ మీద విచారణ జరిగింది. తప్పుడు ఉద్దేశం లేదని తేలింది, మందలించి వదిలేశారు. ఇకమీద ఏ.ఎల్. అని రాయకూడదు, అల్యూమినియం అని పూర్తిగా రాయాలి అని ఒక సర్క్యులరు వచ్చింది. అతను సెక్టర్ 4లో ఇంటింటికీ వెళ్లి తనంతట తానే క్షమాపణ చెప్పుకున్నాడు. సుజాత అతన్ని కూర్చోబెట్టి భోజనం పెట్టి, కిల్డ్ స్టీల్ అంటే ఏటో మొత్తం చెప్పించుకుంది. అంతా విని, "మరి ఆ పేరు మార్చలేరేటి?" అని అడిగింది. మెటలర్జీ చదివిన శ్రీకాంత్ తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు.

ఈ సంగతి నాకు నేర్పింది ఇది. మాట చెడిపోవడానికి ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు, అది నడిచే దారి చాలు. మాట నిలబడాలన్నా అంతే, నిజం చెప్పినంత మాత్రాన సరిపోదు. ఆ మధ్యాహ్నం లెటర్‌హెడ్ నిజమే చెప్పింది, మైకు నిజమే చెప్పింది, నేనూ నిజమే చెప్పాను. మాలో ఎవరినీ ఎవరూ నమ్మలేదు. చార్జి అప్పగించే రోజున, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ఆమె, ఏమైనా చెబుతారా మేడమ్ అని అడిగింది. పుకారు పుడితే కాగితం పంపకు, బతికున్న మనిషి చేత మాట్లాడించు అన్నాను. మాట్లాడేముందు అతనికి మైకు సంగతి మాత్రం చెప్పకు.